బల్లకు ముందు తన్ను తాను పరీక్షించుకోవడం ఎలా?

వందనాలు సిస్టర్. మీ ప్రశ్న సారాంశం ఇదీ. మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారానికి ముందు పాస్టరు గారు "తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని చదవగానే మీకు గుండె దడ మొదలవుతుంది. ఆ రెండు నిమిషాల మౌనంలో ఏం చూసుకోవాలో తెలియదు. అయోగ్యంగా తింటే శిక్ష అన్న మాటకు జడిసి మూడు నెలలుగా పళ్లెం రాగానే పక్కవాళ్లకు అందించేస్తున్నారు. రాత్రిపూట ఒంటరిగా ప్రయత్నిస్తే ఏడుపు తప్ప ఏమీ మిగలడం లేదు. ఈ బాధ చాలామందికి ఉంది, పైకి చెప్పుకోరు. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు కొరింథు సంగతి. మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయాన్ని మన సంఘాల్లో సాధారణంగా 23వ వచనం నుంచి చదువుతారు. మీరు ఇంట్లో 17 నుంచి 34 దాకా ఒకే బిగిన చదవండి. ఆ సంఘంలో ప్రభువు భోజనం నిజంగానే కడుపు నిండే భోజనం. కలిగినవాళ్లు ఎవరికీ ఆగకుండా తమది తాము తినేసి మత్తుగా ఉన్నారు, లేనివాళ్లు ఆకలితో చూస్తూ కూర్చున్నారు. ఆ పత్రిక రాసిన పౌలు కోపమంతా దాని మీదే: "దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరచుదురా?" ఆయన చెప్పిన మందు కూడా 33వ వచనంలోనే ఉంది: భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి. అంటే అక్కడ ఆయన పరీక్షించుకోమన్న మొదటి సంగతి, ఇదే బల్ల దగ్గర మీతో కూర్చున్న మనుషుల్ని మీరు ఎలా చూస్తున్నారన్నది. మీ సంఘంలో పేదవాళ్లు ఎవరు, వాళ్ల పేర్లు తెలుసా, వాళ్లింట్లో మంచినీళ్లు తాగుతారా, పెళ్లి పిలుపుల్లో వాళ్లను వదిలేశారా? కులం మాట కూడా ఇక్కడే అడగాలి. ఒకే పాత్రలోది తాగి, ఇంటికెళ్లాక కులం చూసుకునే సంఘాలకు కొరింథు ఏమంత దూరం కాదు.

రెండోది, 28వ వచనం పూర్తిగా చదవండి: "కాబట్టి ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకుని మానేయమని అక్కడ లేదు. పరీక్ష దారి, బల్ల గమ్యం. గుంటూరు లూథరన్ల ఇళ్లలో నిర్ధారణ (కన్ఫర్మేషన్) తరగతికి నేర్పే, సంస్కర్త మార్టిన్ లూథరు రాసిన చిన్న ప్రశ్నోత్తరి 1529 నాటిది. బల్లకు యోగ్యుడెవరన్న ప్రశ్నకు అది ఇచ్చే జవాబు ఇదీ: ఉపవాసం, శరీరాన్ని సిద్ధపరచుకోవడం మంచి బాహ్య క్రమశిక్షణే, కానీ "మీ కొరకు, పాపక్షమాపణ కొరకు" అన్న మాటల్ని నమ్మినవాడే నిజంగా యోగ్యుడు. 1563 నాటి, రిఫార్మ్‌డ్ సంఘాల హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 81వ ప్రశ్నలో కూడా ఇంచుమించు ఇదే ఉంది. తమ పాపాల విషయమై తమ మీద తమకే అసంతృప్తి ఉండి, అయినా క్రీస్తులో క్షమాపణ ఉందని నమ్మేవాళ్లు రావాలి. మీరు బాధపడుతున్నారంటే మొదటి సగం మీలో ఉన్నట్టే. రెండో సగం కోసమే బల్ల ఉంది.

ఆగవలసిన సందర్భం లేకపోలేదు. మత్తయి 5:23-24లో బలిపీఠం ఎదుట అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు. తర్వాత వచ్చి అర్పించమన్నాడు. కాబట్టి మానితే దానికి ఒక పేరు, ఒక తేదీ ఉండాలి: "ఫలానా వాళ్లతో మాట్లాడాలి, ఈ బుధవారం వెళ్తాను, వచ్చే నెల బల్ల తీసుకుంటాను." పేరూ తేదీ లేకుండా "ఏదో సరిగ్గా లేదు" అనుకుంటూ నెలలు గడిపేయడాన్ని వినయం అనుకోకండి. దానివల్ల ఏదీ తేలదు.

ఇక పద్ధతి. ఆదివారం ఆ రెండు నిమిషాల్లో ఈ పని అవదు, అవుతుందని ఆశించకండి. పని రోజూ రాత్రి 12 నిమిషాలు, సంస్కారానికి ముందు శనివారం 40 నిమిషాలు. మౌనంలో చేయాల్సింది, అప్పటికే చూసుకున్నదాన్ని దేవుని ముందు పెట్టడం మాత్రమే.

రాత్రి సమయానికి మంచం మీద కూర్చోవద్దు. నిద్ర వస్తుంది, లేదా అలసటలో ప్రతిదీ పాపంలా కనిపిస్తుంది. అంట్లు తోముకుని, ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టి, కుర్చీలో కూర్చోండి. 40 పేజీల నోటుబుక్కు, పెన్ను చాలు. రాయడం ఎందుకంటే, మనసులో తిప్పుకునే తప్పు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, కాగితం మీద పెట్టింది ఒక చోట ఆగుతుంది. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో బతికిన సన్యాసి ఆంథోని తన దగ్గరికి వచ్చినవాళ్లకు ఈ సలహానే ఇచ్చాడని, ఆయన జీవితచరిత్ర రాసిన బిషప్పు అతనాసియస్ రాశాడు: ఒకరికొకరు చెప్పుకోబోతున్నట్టుగా మీ క్రియల్ని, మనసు కదలికల్ని రాసుకోండి.

వరుస ఇలా. మొదటి రెండు నిమిషాలు కృతజ్ఞత. ఈ రోజువే, పేరు పెట్టి, మూడు సంగతులు. దీన్ని దాటేసి తిన్నగా తప్పుల దగ్గరికి వెళ్తేనే మీకు జరుగుతున్నది జరుగుతుంది. తీర్పు తీర్చే న్యాయాధిపతి ముందు నిలబడితే మనసు సాకులైనా వెతుక్కుంటుంది, కుప్పకూలైనా పోతుంది. రెండూ చూపును చెడగొడతాయి. పొద్దుటి నుంచి తనను పోషించిన తండ్రి ముందు కూర్చున్న మనసు ఉన్నదున్నట్టు చెప్పగలదు.

తర్వాత ఒక నిమిషం, 139వ కీర్తన చివరి రెండు వచనాలు: "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." మీరు పరిశోధకులు కారు, వెలుగు పట్టుకునేది ఆయన. హృదయం అన్నిటికంటే మోసకరమైనదని యిర్మీయా అన్నాక, దాన్ని అదే పరీక్షించుకుని సరైన లెక్క చెబుతుందని ఎలా నమ్ముతాం?

తర్వాత ఐదు నిమిషాలు, రోజంతా తిరిగి నడవండి. పాపాల జాబితాతో కాదు, గంటల వారీగా, చోట్ల వారీగా. లేచింది, వంటిల్లు, పిల్లల్ని బడికి పంపడం, బస్సు, ఆఫీసు, మధ్యాహ్న భోజనం, సాయంత్రం సంత, ఇంటికొచ్చాక. ఎక్కడ మనసు ఉన్నట్టుండి మారిందో అక్కడ ఆగండి. చిరాకు, అసూయ, భయం, ఏదో దాచాలన్న తొందర, అలాగే అనుకోని సంతోషం కూడా. అందులో ఒకటి, మహా అయితే రెండు తీసుకుని రాయండి. రాసేది క్రియ అయి ఉండాలి. "నేను గర్విష్ఠురాలిని" అని రాస్తే ఏమీ చేయలేరు, ఏడవడం తప్ప. "మధ్యాహ్నం భోజనం దగ్గర, కొత్తగా చేరిన అమ్మాయి చేసిన తప్పును నలుగురి ముందు ఎత్తిచూపాను, వాళ్లు నవ్వితే నాకు బాగుంది" అని రాస్తే ఎవరికి, ఎప్పుడు, ఏం చేశారో తెలిసింది. కింద ఇంకో వాక్యం: ఆ క్షణంలో నాకు ఏం కావాలనిపించింది? బహుశా మేనేజరు నన్ను పొగడాలని. వేరు అక్కడుంది.

తర్వాత రెండు నిమిషాలు ఒప్పుకోలు. రాసినదాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, 1 యోహాను 1:9 (మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న వచనం) బయటికి చదివి, ఆపేయండి. అదే సంగతిని మాటలు మార్చి పదిసార్లు చెప్పొద్దు. చివరి రెండు నిమిషాలు రేపటి పని: "రేపు పదిన్నర టీ సమయంలో ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, అలా అనడం తప్పు అని చెబుతాను." టైము, మనిషి, మాట మూడూ ఉండాలి. "రేపటి నుంచి ప్రేమగా ఉంటాను" అన్న తీర్మానం మధ్యాహ్నానికే కరిగిపోతుంది.

కృతజ్ఞత, వెలుగు అడగడం, లెక్క చూసుకోవడం, క్షమాపణ, సరిదిద్దుకునే తీర్మానం అన్న ఈ ఐదు మెట్లు జెస్యూట్ సభను స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ కూర్చినవి. 1548లో అచ్చయిన ఆయన ఆత్మ సాధనల పుస్తకంలో ఉన్నాయి. కతోలికుల పద్ధతి కదా అని ప్రొటెస్టంటు పాఠకులు జంకనక్కర్లేదు, ఐదింటికీ వాక్యంలో ఆధారం ఉంది. ఆయనే ఇంకో ఉపాయం చెప్పాడు: ఒక్క తప్పును మాత్రమే ఎంచుకుని, రోజుకు రెండు గీతలు గీసి, మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లు పడ్డామో ఒక గీత మీద, రాత్రి దాకా రెండో గీత మీద చుక్కలు పెట్టి, రోజుకు రోజు, వారానికి వారం పోల్చుకోవడం. మాట మీద అదుపు లేకపోవడం, ఫోన్ అలవాటు, చాడీ, అబద్ధం లాంటి లెక్కకు దొరికేవాటికి ఇది బాగా పనిచేస్తుంది. నెలకు ఒకటే పెట్టుకోండి. కానీ మీకు, ఇప్పుడున్న స్థితిలో, ఈ చుక్కల పద్ధతి వద్దనే చెబుతాను. కారణం కింద వస్తుంది.

శనివారం 40 నిమిషాలకు నోటుబుక్కులో ఆ నెల పేజీలన్నీ తిరగేయండి. ఒకే మనిషి పేరు నాలుగైదుసార్లు వచ్చిందా? ఒకే గంటలో పడిపోతున్నారా? ఇక్కడే జ్ఞానం అవసరం, యాకోబు 1:5 అడగమన్నది దీని కోసమే. రాత్రి ఎనిమిదింటికి పిల్లాడి మీద అరుస్తున్నారనుకుందాం. అరుపు పాపమే, ఒప్పుకోవాలి, పిల్లాణ్ని కూడా క్షమించమని అడగాలి. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నాక మళ్లీ ఏమీ తినకుండా బస్సులో నిలబడి వచ్చారు, అది బలహీనత. దానికి కన్నీటి ప్రార్థన కాదు, ఆరింటికి రెండు అరటిపళ్లు కావాలి. శోధన వచ్చి దాన్ని కాదని వెళ్లిపోతే అది పాపం కాదు, కృతజ్ఞతల్లో రాయండి. ఎవరో చేసిన గాయం ఇంకా నొప్పెడుతుంటే అదీ పాపం కాదు. పాపం, బలహీనత, శోధన, గాయం, ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే సగం మంది మోయలేని భారం మోస్తున్నారు.

అదే శనివారం, పది ఆజ్ఞల్ని మీ స్థానాన్ని బట్టి అడగండి. లూథరు ప్రశ్నోత్తరిలోని ఒప్పుకోలు భాగం అలాగే అడుగుతుంది: నీవు తండ్రివా, తల్లివా, బిడ్డవా, యజమానివా, పనివాడివా? ఆ స్థానంలో ఏం చేశావు? మన ఇళ్లకు అవి ఇలా ఉంటాయి. కోడలి తల్లిదండ్రుల దగ్గర కట్నంగానో, "లాంఛనాలు" అన్న పేరుతోనో తీసుకున్నది ఏమైనా ఉందా? చీటీ పాడుకుని మిగతా వాయిదాలు ఎగ్గొట్టానా? గట్టు జరిపానా? పనిమనిషి జీతం సంక్రాంతి దాకా ఆపానా? నిజమో కాదో చూడకుండా ఒకరి పరువు తీసే మెసేజ్ సంఘం గ్రూపులో పంపానా? ప్రార్థన అంశం అని పేరు పెట్టి ఎవరి రహస్యాన్నైనా బయటపెట్టానా? ఈ చివరిది మన ప్రార్థన కూటాల్లో జరుగుతున్నంతగా ఇంకెక్కడా జరగదేమో, దాన్ని పాపమని చెప్పేవాళ్లు తక్కువ.

డబ్బు సంగతైతే దేవునితో ఒప్పుకుంటే సరిపోదు, తిరిగి ఇవ్వాలి. సంఖ్యాకాండము 5:7లో లెక్క స్పష్టంగా ఉంది: అసలు, దానికి ఐదో వంతు కలిపి. 5,000 రూపాయలు ఎగ్గొట్టి ఉంటే 6,000. సువార్తలోని సుంకరి జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, అది సంతోషంతో పొంగిన మనిషి లెక్క. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకు ఇంత అని కాగితం మీద రాసి, మొదటి వాయిదా చేతిలో పెట్టి అడగండి. మనిషి చనిపోయి ఉంటే వారసులకు. వాళ్లూ లేకపోతే, ఆ అధ్యాయంలోని తర్వాతి వచనం ప్రకారం అది దేవునికి చెందుతుంది. పేదలకో సంఘానికో పేరు చెప్పకుండా ఇవ్వండి, కానుకల పుస్తకంలో మీ పేరు చదివించుకోవద్దు.

క్షమాపణ అడగడంలో ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, అవతలివాళ్లకు అసలు తెలియని ద్వేషాన్ని వెళ్లి చెప్పడం: "అక్కా, పదేళ్లుగా నిన్ను చూస్తే నాకు మంట, క్షమించు." మీ భారం దిగింది, ఆమె నెత్తికెక్కింది. క్రియగా, మాటగా బయటికి రాని ద్వేషాన్ని దేవునితోనే చెప్పి, ఆమెకు ఒక మేలు చేయండి. రెండోది, "నా వల్ల ఏమైనా తప్పు జరిగి ఉంటే క్షమించు" అనే వాక్యం. చేసిందేమిటో పేరు పెట్టి చెప్పి, కారణాలు చెప్పకుండా ఆపి, అవతలివాళ్ల జవాబు వినండి. వాళ్లు క్షమించకపోయినా మీ వంతు అయిపోయినట్టే, బల్లకు రావచ్చు.

ఒక హెచ్చరిక. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీ, నమ్మినవాళ్ల చేతిలో హింసకు గురైన పిల్లలు "నాలో ఏం తప్పుంది" అని తవ్వుకోవడానికి ఈ పద్ధతిని వాడకూడదు. మత్తయి 5 చూపించి, కొట్టినవాడి దగ్గరికి వెళ్లి సమాధానపడమని పంపడం వాక్యాన్ని దుర్వినియోగం చేయడమే. అక్కడ ముందు కావలసింది భద్రత. ఒప్పుకోవాల్సింది కొట్టినవాడు.

మీ ఏడుపు గురించి. 2 కొరింథీ 7:10లో పౌలు రెండు రకాల దుఃఖాలు చెప్పాడు, వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. దైవచిత్తానుసారమైన దుఃఖం ఒక క్రియను చూపిస్తుంది, ఒప్పుకున్నాక తేలికవుతుంది, లేచి ఎవరి దగ్గరికో నడిపిస్తుంది. రెండోది మిమ్మల్నే మొత్తంగా పనికిరాని దానివంటుంది, ఒప్పుకున్నా నమ్మనివ్వదు, తలుపేసుకుని కూర్చోబెడుతుంది. మీరు రాసినదాన్ని బట్టి మీకు పట్టింది రెండోదే అనిపిస్తోంది. అందుకే చుక్కల లెక్క వద్దన్నాను, అది అగ్గికి ఆజ్యం అవుతుంది. మీకు 12 నిమిషాలు దాటకుండా అలారం పెట్టుకోవడం ముఖ్యం, మోగగానే పుస్తకం మూయాలి. ఒకసారి ఒప్పుకున్న సంగతి పక్కన అడ్డగీత కొట్టి, దాన్ని మళ్లీ రాయొద్దు. మన హృదయం మన మీద దోషారోపణ చేసినప్పుడు దేవుడు హృదయం కంటే అధికుడని 1 యోహాను 3:20 చెబుతోంది, ఆ వచనం మీలాంటి వాళ్ల కోసమే. ఒప్పుకున్న పాపమే రోజుకు పదిసార్లు వెంటాడటం, దైవదూషణ ఆలోచనలు ఇష్టం లేకుండా దూరడం, సరిగ్గా ప్రార్థించలేదని మళ్లీ మళ్లీ మొదలుపెట్టడం కూడా ఉంటే, అది మనోవ్యాధి కావచ్చు, విశ్వాసలోపం కాదు. మందులతో, మాటల చికిత్సతో తగ్గుతుంది. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

చిన్నవి రెండు. బల్ల తీసుకునేదాకా మంచినీళ్లు కూడా ముట్టని అలవాటు మంచిదే, కానీ షుగరు మందు వాడేవాళ్లు, గర్భిణులు ఆరాధన ఒంటిగంట దాకా సాగే సంఘాల్లో అలా ఉండకూడదు, తిని రండి. నెలసరి రోజుల్లో బల్లకు దూరంగా ఉండాలనే మాట కొన్ని చోట్ల ఇంకా వినిపిస్తుంది, కొత్త నిబంధనలో అలాంటి ఆజ్ఞ లేదు. రక్తస్రావం ఉన్న స్త్రీ యేసు వస్త్రం ముట్టుకుంటే ఆయన ఆమెను "కుమారీ" అని పిలిచాడు.

ఒంటరిగా ఎక్కువ కాలం చేస్తే చూపు మసకబారుతుంది. మన తప్పులు మనకు అలవాటైపోతాయి, లేదా కొండంతలై కనిపిస్తాయి. 1738లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ చిన్న గుంపులకు రాసిన నియమాల్లో వారానికోసారి అడిగే ప్రశ్నలున్నాయి: గత సమావేశం తర్వాత తెలిసి ఏ పాపం చేశావు, ఏ శోధనలు వచ్చాయి, ఎలా తప్పించబడ్డావు, పాపమో కాదో తేలని ఆలోచన, మాట, క్రియ ఏదైనా ఉందా? మెదక్ చర్చి కట్టించినది ఆ వెస్లీ సంప్రదాయపు మిషనే, కానీ ఈ అలవాటు ఇప్పుడు మన సంఘాల్లో అరుదు. నోరు జారని ఒక సహోదరిని చూసుకుని, పదిహేను రోజులకోసారి అరగంట ఈ ప్రశ్నలు ఒకరినొకరు అడుక్కోండి. నాలుగో ప్రశ్న మీకు అన్నిటికంటే ఉపయోగం, ఎందుకంటే మీ భయాల్లో చాలావాటికి జవాబు "అది పాపం కాదమ్మా" అని ఇంకొకరి నోటి నుంచి వినాల్సిందే.

వచ్చే మొదటి ఆదివారానికి ముందు మీ పాస్టరు గారితో కూడా మాట్లాడండి. ఆదివారం ఉదయం ఆయనకు తీరిక ఉండదు, గురువారమో శుక్రవారమో ఫోన్ చేసి అరగంట అడగండి, వెళ్లేటప్పుడు ఆ సహోదరిని వెంట తీసుకెళ్లండి. మూడు నెలలుగా బల్ల తీసుకోవడం లేదని, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పి, మీ కోసం పేరు పెట్టి క్షమాపణ వాక్యం చదవమని అడగండి.